అడ్డంగా ఒకసారి

సముద్రం అడుగున ఏదైనా కనిపించిందని ఎవరు వచ్చి చెప్పినా ఆచార్య ధూళిపాళ హైమవతి ఒకటే అడిగేది, అడ్డంగా వెళ్లి చూశావా అని, అంటే మొదట వెళ్లిన దారికి అడ్డంగా ఓడను ఇంకోసారి నడిపి. లేదంటే ఆ సంగతి అంతటితో సరి. చూశానంటే అప్పుడు కళ్లజోడు తీసి పెట్టుకునేది. దక్షిణ ధ్రువపు మంచు ఒకప్పుడు ఎంతవరకు పరుచుకుని ఉండేది, ఏ తీరున వెనక్కి తగ్గింది అన్నది ఆవిడ విద్య. హైమవతి అని పేరు పెట్టిన తల్లిదండ్రులకు, కూతురి బతుకు నిజంగానే మంచు పాలవుతుందని తెలిసి ఉండదు.

ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న మైలపల్లి తాతారావుకు ఈ అలవాటు మింగుడుపడేది కాదు. అతను భీమిలి ఒడ్డున చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడు. కంటికి కనిపించిందంటే ఉన్నట్టే అనుకునే మనిషి. ధ్రువానికి బయలుదేరిన ఓడలో, ఒకనాడు భోజనాల దగ్గర, మనసులో ఉన్నది అడిగేశాడు.

"స్పష్టంగా కనిపించినదాన్ని మళ్లీ ఎందుకు చూడాలి మేడం? ఇలా నమ్మకుండా ఉంటే మనం ఏదైనా తెలుసుకునేది ఎప్పుడు?"

ఆవిడ జవాబు చెప్పే స్థితిలో లేదు. ముందున్న పెరుగన్నం వంక చూడకుండా, ఒక నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. ఇన్నేళ్లుగా ఓడలెక్కుతున్నా ఆవిడకు కడుపులో తిప్పడం తగ్గలేదు. ఓడలోని డాక్టరు మాత్రలు ఇవ్వబోతే వద్దంది. వేసుకుంటే తగ్గిపోతుంది కదా అంది. అదేదో వేళాకోళమనుకుని అందరూ నవ్వి ఊరుకున్నారు.

తాతారావుకు ఆ బాధే లేదు. ఉయ్యాల కంటే ముందు పడవలో ఊగినవాడు. అలలు ఎంత లేచినా, తక్కినవాళ్లు గోడలు పట్టుకుని నడుస్తున్నా, అతను జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగేవాడు. ఓడ మరీ ఊగుతోందని ఎవరైనా వాపోతే, ఊగుతోందా అని అమాయకంగా అడిగేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవారు, అతనికి గర్వంగా ఉండేది. మేడంను చూస్తే జాలి వేసేది. ఆ జాలిలో కాస్త చులకన కూడా ఉందని చెప్పక తప్పదు.

సముద్రపు నేలను చూసే పద్ధతి ఇలా ఉంటుంది. ఓడ అడుగున ఉన్న యంత్రం కిందికి శబ్దం పంపుతుంది. అది నేలకు తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో దాన్నిబట్టి లోతు తెలుస్తుంది. ఓడ సాగుతుంటే తెర మీద నేల వరుస వెంబడి వరుసగా, చాప అల్లినట్టు పరుచుకుంటుంది. ఓడ ఊగితే లోతు తప్పుగా వస్తుంది కాబట్టి, ఆ ఊపును కొలిచి లెక్కలోంచి తీసేసే పరికరం ఇంకొకటి ఉంటుంది. తన పని తాను చేసుకుపోయే పరికరం గనుక దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఓడ మంచు తీరంవైపు సాగుతున్న ఒక ఉదయం తెర మీద గట్లు కనిపించాయి. ఓడ దారికి అడ్డంగా, సన్నగా, ఒకదాని వెనక ఒకటి, నాగటి చాళ్లలా సమానదూరంలో ఉన్నాయి. తాతారావు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. వాటి అర్థం అతనికి తెలుసు. ఒకప్పుడు మంచు అంచు ఈ నేల మీద ఆని ఉండేది. పోటుకు అది లేచేది, ఆటుకు మళ్లీ కూర్చునేది. కూర్చున్నప్పుడల్లా బురదను నొక్కి ఒక గట్టు వేసేది, ఆ తర్వాత కాస్త వెనక్కి జరిగేది. అంటే పోటుకొక గట్టు. గట్టుకూ గట్టుకూ మధ్య దూరం కొలిస్తే మంచు ఎంత తొందరగా పారిపోయిందో చెప్పవచ్చు. కొలిచాడు. ఇంతకుముందు ఎవరూ ఊహించనంత వేగం వచ్చింది.

ఆ పూటంతా అతను నేల మీద నడవలేదు. ఫెలోషిప్ ఆ ఏటితో అయిపోతుంది, ఇంకో యాత్రలో చోటు దొరికే ఆశ లేదు, సరిగ్గా అప్పుడే ఇలాంటిది కళ్లబడింది. ఇక ఆ గట్ల మీద గొట్టం దింపి, బురద పైకి తీసి, వాటి వయసు తేలిస్తే థీసిస్ పూర్తయినట్టే. ఆ ఓడలో ఎవరికి ఏం దొరికినా వాళ్ల పేరున వంటగదిలో కేసరి చేయడం ఆనవాయితీ. మధ్యాహ్నానికల్లా తాతారావు కేసరి అందరి పళ్లేల్లోకీ వచ్చింది.

అది తిని చేతులు తుడుచుకుంటుండగా కెప్టెన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. గాలి మళ్లింది, తేలే మంచు ఇటుగా వస్తోంది, సాయంత్రానికి ఇక్కడినుంచి కదలాలి. బురద తీయడానికో, ఓడను ఆ చోటు మీదుగా అడ్డంగా ఒకసారి నడపడానికో, ఏదో ఒకదానికే వ్యవధి ఉంది.

తాతారావు హైమవతి గదికి పరుగెత్తాడు. ఈ ఒక్కసారికి అడ్డంగా వెళ్లమనవద్దని బతిమాలాడు. గట్లు కళ్లెదుటే ఉన్నాయన్నాడు. వయసు తేలకపోతే వాటిని ఎవరూ పట్టించుకోరనీ, తనకు మళ్లీ ఇక్కడికి వచ్చే యోగం లేదనీ చెప్పుకున్నాడు. ఆవిడ పడుకునే అంతా విని, థీసిస్ అతనిది గనుక ఓడ ఏం చేయాలో అతనే వెళ్లి కెప్టెన్‌కు చెప్పమంది. బతికానురా అనుకుని అతను గుమ్మం దాటబోతుండగా వెనకనుంచి అంది.

"ఉన్నవైతే ఎక్కడికీ పోవు, తాతారావూ."

అతనికి ఒళ్లు మండింది. అన్ని వేల ఏళ్లు ఉన్నవి వచ్చే ఏడు కూడా ఉంటాయి, నిజమే. ఫెలోషిప్ ఉండదు కదా. డెక్ మీదికి వెళ్లి, దూరాన తెల్లగా కదిలి వస్తున్న మంచును చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఓడను అడ్డంగా నడపమనే కెప్టెన్‌కు చెప్పాడు. అది గురువు మీద భక్తితో చేసిన పని కాదు. అడ్డంగా వెళ్లినా గట్లు అక్కడే కనిపిస్తే ఆవిడ ఇక జన్మలో ఆ ప్రశ్న అడగదు. ఆ నోరు ఒక్కసారి మూయిస్తే చాలు, థీసిస్ ఏమైనా కానీ అనుకున్నాడు.

ఓడ మళ్లింది. గట్లు నిజమైనవైతే ఇప్పుడవి ఓడ దారి వెంబడే పొడుగ్గా కనిపించాలి. తాతారావు తెర ముందు కూర్చున్నాడు. గట్లు కనిపించాయి. పొద్దున ఎంత అందంగా ఉన్నాయో అంతే అందంగా, అంతే సమానదూరంలో ఉన్నాయి. కానీ మళ్లీ ఓడ దారికి అడ్డంగానే ఉన్నాయి. ఓడ ఎటు తిరిగితే అవీ అటు తిరిగాయి. ఇవి వేరే గట్లేమో అనుకుని పొద్దుటి పటం తెచ్చి పక్కన పెట్టి చూశాడు. పొద్దున గట్లున్న చోట ఇప్పుడు వాటిలో ఒక్కటీ లేదు.

ఆ తర్వాత అసలు సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊపును కొలిచే పరికరం కనురెప్పపాటు వెనకబడి నడుస్తోంది. ఊపును తీసేయాల్సిన క్షణంలో తీయక, ఆ తర్వాత తీస్తోంది. అలా మిగిలిపోయిన ఊపే గట్లయి తెర మీద పడుతోంది. మంచు వేగమని అతను కొలిచింది, తాను ఎక్కిన ఓడ ఊపు.

చేతికొచ్చింది పోయిందని తాతారావుకు ఏడుపొచ్చింది. అయితే అంతకంటే భయం వేసింది. గొట్టం దింపి ఉంటే బురద వచ్చేది. ఏ బురదకైనా ఒక వయసు ఉంటుంది, అదీ తేలేది. లేని గట్లకు వయసు కట్టి థీసిస్‌లో రాసేవాడు. అంతదూరం వెళ్లి, నిజమా కాదా అని చూసివచ్చే వాళ్లెవరు? అది అతని పేరు మీద అలాగే నిలిచిపోయేది.

ఓడ మంచు తప్పించుకుని ఉత్తరానికి మళ్లాక హైమవతి గదికి వెళ్లాడు. ఆవిడ పక్క మీద కూర్చుని ఉంది. నిమ్మకాయ చేతిలోనే ఉంది. కేసరి పళ్లెం ముట్టకుండా బల్ల మీద ఉంది. అతను జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండు పటాలూ చూసింది. ఇలా కాగలదని ముందే తెలుసా అని అతను అడగలేదు. అడగాలనుకున్నది వేరే ఉంది.

"పగలంతా తెర ముందే కూర్చున్నాను మేడం. ఓడ ఊగుతోందన్న సంగతే నాకెందుకు తట్టలేదు?"

అలకు ఓడ ఒక పక్కకు ఒరిగింది. హైమవతి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. తాతారావు నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు.

"పాపం," అంది. "నీకు కడుపులో తిప్పదు కదూ."