బలిపీఠం మీద కాస్త చోటు

తీతుకి వచ్చిన కష్టం పైకి చెప్పుకునేది కాదు. జ్వరమొస్తే చెప్పుకోవచ్చు, కాలు బెణికితే చూపించుకోవచ్చు. తోటివాణ్ణి చూస్తే కడుపు మండుతోందని ఎవరితో చెప్పుకుంటాడు? అందులోనూ పొద్దున లేస్తే నలుగురి కోసం ప్రార్థన చేసే మనిషి.

అందుకని దాన్ని ఒక ప్రశ్నలో చుట్టి ఆశీర్వాదం అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

అయ్యగారు కృష్ణ మధ్యలో ఉన్న ఆ లంక ఊరి చర్చికి పాస్టరు. పెద్దవారైపోయారు, గొంతు సన్నగిల్లింది. తన తర్వాత సంఘాన్ని చూసుకోవడానికి ఇద్దర్ని దగ్గర పెట్టుకుని నేర్పుతున్నారు. తీతు మీసాలు రాని వయసులో వచ్చినవాడు. కృపాదానం మొన్నమొన్న భార్యతో సహా వచ్చినవాడు.

ఆ మధ్యాహ్నం అయ్యగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. తీతు పక్కన కూర్చుని, కాసేపు ఎండ గురించీ రేవులో నీళ్ళ గురించీ మాట్లాడి, అప్పుడు అడిగాడు.

"అయ్యగారూ, క్రీస్తు ఒక్కసారే బలయ్యాడు, ఇంక మనకి బలుల్లేవు. ఇప్పుడు జనం బస్సులో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు, ఫోన్లో చేసుకుంటున్నారు. మరి చర్చిలో ఈ బలిపీఠం దేనికి? దాని ముందు ఎవరు నిలబడితే మాత్రం ఏంటి?"

మొదటి మాట పుస్తకాల్లోంచి వచ్చింది. చివరి మాట ఎక్కడినుంచి వచ్చిందో అయ్యగారికి తెలుసు. పండుగనాడు చెప్తాలే అన్నారు. అని చిక్కుడుకాయల చేట అతని ఒళ్ళోకి తోశారు.

సంగతేమిటంటే, పంటల పండుగ దగ్గరకొచ్చింది. ఆ రోజు లంకలో ప్రతి ఇల్లూ తొలిపంట తెచ్చి బలిపీఠం మీదా దాని ముందూ పెడుతుంది. అరటి గెలలు, కంద, పసుపు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఒకరు తెల్లంగీ వేసుకుని, జనానికి వీపు పెట్టి, బలిపీఠం వైపు తిరిగి, ఇంటింటి పేరూ చెప్పి ఆ ఇంటి కోసం ప్రార్థిస్తారు. ఒక్క ఇల్లు తప్పిపోయినా ఆ ఏడంతా ఆ ఇంటివాళ్ళు ముఖం మాడ్చుకు తిరుగుతారు. అయ్యగారి గొంతు పోయినప్పటినుంచీ ఆ పని తీతుదే. ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు కన్నుమూశారో, ఏ కోడలు అలిగి పుట్టింటికెళ్ళిందో అతనికి కంఠతా వచ్చు.

ఆ ఏడాది సంఘపెద్దలు కూర్చుని, ఈసారి కృపాదానం నిలబడితే బాగుంటుంది అన్నారు. అంతే. ఎవరూ తీతుని తిట్టలేదు, పొమ్మనలేదు. నీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది కదయ్యా అన్నారు కూడా. ఆ మాట తీతుకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

పోనీ కృపాదానం అంత మొనగాడా అంటే, అదీ కాదు. పాట నంబరు ఒకటి చెప్పి ఇంకోటి ఎత్తుకుంటాడు. వాక్యం చదువుతూ చదువుతూ పేజీ పోగొట్టుకుంటాడు. అయినా జనం నవ్వుతారే గానీ విసుక్కోరు. ఆ నవ్వు తీతు భరించలేకపోయాడు. తను ఇన్నేళ్ళలో ఒక్క తప్పూ చెయ్యలేదు, తనని చూసి ఒక్కరూ అంత ప్రేమగా నవ్వలేదు.

ఇంకా ఉంది. కృపాదానం ప్రార్థన మొదలెట్టి నాలుగు మాటలన్నాడో లేదో, ఆడవాళ్ళ చాపల వైపునుంచి స్తోత్రం, స్తోత్రం అని లేస్తుంది. తీతు ప్రార్థిస్తే దగ్గులు వినిపిస్తాయి. అతను కళ్ళు మూసుకునే ఉంటాడు గానీ చెవులు మాత్రం వెనకవైపే ఉంటాయి. స్తోత్రం వినపడటం లేదని ప్రార్థన పొడిగించేవాడు. అది పెరిగేకొద్దీ దగ్గులు పెరిగేవి. ఒకనాడు ముసలి రాహేలమ్మ నోరు తెరిచి, బాబూ, పొయ్యి మీద అన్నముంది, ఆమేన్ అనవయ్యా అంది. చర్చంతా ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు వేరు.

పోనీ కృపాదానానికి ఇతని మీద ఏమన్నా ఉందా అంటే, పిసరంత లేదు. అన్నా, అన్నా అని వెనకే తిరిగేవాడు. పండుగ పని తన నెత్తిన పడ్డాక వచ్చి, నాకు ఇళ్ళ పేర్లు వరసగా గుర్తుండవన్నా, నువ్వు దగ్గరుండి నేర్పాలి అన్నాడు. సమయానికి దేవుడే గుర్తుచేస్తాడులే అని తీతు లేచి వెళ్ళిపోయాడు. ఎంత భక్తి గల మాటో చూడండి!

ఇక కృపాదానం భార్య సువార్త, నెలలు నిండిన మనిషి. రేవులో మంచి చేప దొరికితే చాలు, ఒంటరి మనిషి ఏం వండుకుంటాడు పాపం అని బావగారికి గిన్నెడు పులుసు పంపేది. తీతు పులుసు తినేవాడు, గిన్నె తోమి పంపేవాడు. కుళ్ళు మాత్రం తన దగ్గరే ఉంచుకునేవాడు.

ఈ దశలో పుట్టింది ఆ ప్రశ్న. అందని ద్రాక్ష పుల్లన అన్నట్టు, తనకి దక్కని బలిపీఠం అసలు దేనికి అని.

పండుగ రోజు తెల్లవారాక, సంఘపెద్ద ఇశ్రాయేలు పరుగులాంటి నడకతో అయ్యగారింటికి వచ్చాడు. కోడికూత వేళకే సువార్తకి నొప్పులు మొదలయ్యాయట. పడవలో రేవు దాటించి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారట. బిడ్డ అడ్డం తిరిగింది, తల్లికి రక్తం ఆగడం లేదు, ఎవరి ప్రాణానికీ మాట ఇవ్వలేమని డాక్టరమ్మ చెప్పిందట. కృపాదానం ఒక్కడే ఉన్నాడు, ఫోన్లో ఏడుస్తున్నాడు. నా బదులు అన్నని నిలబడమనండి, మా ఇంటి పేరు వచ్చినప్పుడు గట్టిగా ప్రార్థించమనండి అన్నాడట.

అక్కడే ఉన్న తీతు అయ్యో అన్నాడు. ఆ అయ్యో నోటితో అన్నదే. దాని కింద, గుండెలో, పెళ్ళిపిలుపు అందినంత సంబరం లేచింది.

లోపలికెళ్ళి తెల్లంగీ తీశాడు. ఇస్త్రీ మడత చెరగకుండా తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఉండగా ఏదో పాట వినిపించింది. ఎవరు పాడుతున్నారా అని చూస్తే తనే. స్తుతి కీర్తన, హుషారుగా, కాలితో తాళం వేస్తూ మరీ. చటుక్కున నోరు మూసుకున్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో అయ్యగారు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. వేళయింది పద అన్నారు.

చర్చి నిండిపోయింది. బలిపీఠం అంటే టేకు బల్లే, దాని మీద తెల్లటి గుడ్డ. ఆ గుడ్డ కనిపించనంతగా ఫలాలు పేర్చారు. మధ్యలో అందరి గెలలకంటే పెద్ద గెల ఒకటి. తీతు పెరట్లో కాసిందే, తనే తెచ్చి తనే మధ్యలో పెట్టాడు. దాని వెనక ఓ చిన్న చేటలో పసుపు కొమ్ములు. నొప్పులు రాకముందే, ముందురోజు సాయంత్రం, సువార్త కడిగి ఆరబెట్టి పంపింది.

తీతు జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. మొదలెట్టాడు. గొంతు బాగా పలికింది. రాహేలమ్మ ఇల్లు, ఆమె మోకాళ్ళు. ఇశ్రాయేలు ఇల్లు, ఉద్యోగం కోసం తిరుగుతున్న అతని కొడుకు. ఒక్కో ఇల్లూ నోట్లోంచి ముత్యంలా రాలుతోంది. చూశారా, ఇదీ పద్ధతి అనుకున్నాడు లోపల.

కృపాదానం ఇల్లు వచ్చింది.

నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గెల సందులోంచి పసుపు కొమ్ములు కనిపిస్తున్నాయి. పేరు తెలుసు, ఆ ఇంటి కష్టం తెలుసు, ఏం అడగాలో తెలుసు. అద్దం ముందు పాడిన నోరు అడగనంటోంది.

కాసేపటికి ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో వెక్కారు. ఎంత ప్రేమో చూడవే, నోట మాట రావట్లేదు అంది ఒకావిడ పక్కావిడతో. స్తోత్రం అన్నారెవరో. ఆ తర్వాత ఇంకొకరు. తర్వాత చర్చంతా స్తోత్రం, స్తోత్రం అని పోటెత్తింది.

ఇన్నేళ్ళుగా తీతు దేనికోసం మొహం వాచి ఉన్నాడో అది ఇప్పుడు అడక్కుండానే వచ్చి పడింది. ఇంక అతను చెయ్యాల్సిందల్లా తల వంచుకుని రుమాలు తియ్యడమే. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. దొంగతనాలు లోకంలో చాలా ఉన్నాయి గానీ, చావుబతుకుల్లో ఉన్న మనిషి పేరు మీద ప్రేమగలవాడనిపించుకోవడం కంటే పెద్దది నాకు తెలీదు.

అప్పుడు అయ్యగారు కుర్చీలోంచి లేచారు. కర్ర ఊనుకుంటూ వచ్చి బలిపీఠం పక్కన నిలబడ్డారు. తీతు ముఖం వైపు చూడలేదు. కర్ర గోడకి ఆనించి, రెండు చేతులతో ఆ పెద్ద గెలని పక్కకి జరిపారు. బరువైనదేమో, ఆయాసపడ్డారు. దాని పక్క గుమ్మడికాయని కూడా జరిపారు. బల్ల మధ్యలో ఓ విస్తరాకు పట్టేంత చోటు ఖాళీ అయింది. అక్కడ పడ్డ మట్టిని తన కండువాతో తుడిచారు.

తీతుకి మాత్రమే వినపడేట్టు అన్నారు.

"పొద్దున నీకు కలిగిన సంతోషం ఉందే, అది ఇక్కడ పెట్టు."

తీతు చెవులు వేడెక్కిపోయాయి. ఆయనకి తెలుసు. తెలిసీ అంగీ విప్పమనలేదు, ఇక్కడిదాకా రానిచ్చారు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. మోకరించాడు. రెండు అరచేతులూ ఆ ఖాళీ చోట ఆన్చాడు. వెనక స్తోత్రాలు ఇంకా వినిపిస్తున్నాయో ఆగిపోయాయో అతనికి తెలీదు.

"ఆమెకి ప్రాణం మీదికొచ్చిందంటే నేను సంతోషించాను ప్రభువా."

చాలా చిన్నగా అన్నాడు. అన్నాక ఏడుపొచ్చింది. రుమాలు జేబులోనే ఉండిపోయింది. చాలాసేపు అలాగే ఉండి, తర్వాత తలెత్తి, ముందు కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా, కృపాదానం ఇల్లు అన్నాడు.

"సువార్త బతకాలి. బిడ్డ బతకాలి. కృపాదానం తిరిగొచ్చి ఇక్కడ నిలబడాలి."

లేచాడు. తెల్లంగీ తల మీదుగా లాగేసి బలిపీఠం ముందున్న కటకటాల మీద వేశాడు. చొక్కా నలిగిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరివైపూ చూడకుండా చాపల మధ్యనుంచి నడిచి, గుమ్మం దాటి, చెప్పులు కూడా వెతుక్కోకుండా రేవు వైపు పరుగెత్తాడు.

చర్చిలో గుసగుసలు బయల్దేరాయి. ఇశ్రాయేలుకి కంగారొచ్చింది. ఇంకా సగం ఇళ్ళ పేర్లు ఉండిపోయాయి, ఆ ఇళ్ళవాళ్ళందరూ తలలెత్తి చూస్తున్నారు. అతను ముందుకొచ్చి, ఇదేంటి అయ్యగారూ, ప్రార్థన మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు అన్నాడు.

అయ్యగారు గోడకానించిన కర్ర తీసుకున్నారు.

"మధ్యలో ఎక్కడ వదిలాడు ఇశ్రాయేలూ? ఇప్పుడేగా మొదలెట్టాడు."