బుధుడి నెత్తి మీద గుంట

ఒకప్పుడు బుధగ్రహం ఒంటి మీద చిన్న గుంట కూడా ఉండేది కాదు. సూర్యుడికి అందరికంటే దగ్గరగా తిరిగే ఈ బుధుడికి తన నున్నటి ఒళ్ళంటే మహా మురిపెం. కాస్త దుమ్ము పడితే చాలు, గబగబా దులిపేసుకునేవాడు. పలకరించేవాళ్ళు లేరనే దిగులు మాత్రం లోలోపల ఉండేది. ఆ ఎండలోకి ఎవరొస్తారు పాపం?

ఒకనాడు ఒక తోకచుక్క దారితప్పి అటు వచ్చింది. ఆమె ఒడిలో చంటి మంచుపాప ఉంది.

"నాయనా, నేను ఎలాగో బయటపడతాను. పాప ఈ ఎండ దాటలేదు. దీనికి కాస్త నీడ ఇవ్వు," అని బతిమాలింది.

బుధుడు ఒళ్ళంతా వెతుక్కున్నాడు. మిట్ట లేదు, పల్లం లేదు. ఇక నీడెక్కడిది? పాపను వీపు వెనక దాచాడు. తిరిగే ఒళ్ళాయె, కాసేపటికి ఆ వీపు మీదికీ ఎండ వచ్చేసింది. పాప సగానికి సగం కరిగిపోయింది. కాస్త కళ్ళు మూసుకోమని సూర్యుణ్ణి అడిగాడు. తను కళ్ళు మూస్తే లోకాలన్నీ గడ్డకట్టుకుపోతాయని సూర్యుడు నొచ్చుకుంటూనే చెప్పాడు.

అంతలో ఒక ముసలి రాతిబండ అటుగా పోతూ కనబడింది. ఎండ ఏటవాలుగా పడే తన నడినెత్తిన, నీడనిచ్చే గుంట పడేలా వచ్చి గుద్దమని బుధుడు ఆ బండతాతను అడిగాడు.

"మచ్చ పడుతుందిరా. ఎప్పటికీ పోదు," అన్నాడు తాత.

బుధుడు తన నున్నటి ఒంటిని ఒకసారి తడుముకున్నాడు. పాప వైపు చూశాడు. గుప్పెడే మిగిలింది.

"పోకపోతే పోనీ తాతా. నువ్వు రా."

తిరిగి తిరిగి అలిసిపోయాననీ, ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అనీ అంటూ తాత వచ్చి ధన్‌మని పడ్డాడు. నేల లోతుగా దిగబడింది. చుట్టూ గట్టు లేచింది. నొప్పికి బుధుడు ఊపిరి ఎగబీల్చేసరికి గుంట నడుమ నేల ఉబ్బి కొండై నిలిచింది. తాత పొడిపొడిగా రాలి, తెల్లటి చారలై నలుదిక్కులా పరుచుకున్నాడు.

తోకచుక్క పాపను గట్టు కింద పడుకోబెట్టి తన దారిన సాగిపోయింది. సూర్యుడు తొంగిచూశాడు. గట్టు అడ్డొచ్చింది.

"నొప్పిగా ఉందా మామా?" అంది పాప, లోపలి నుంచి.

"ఉంది. అయినా నా దగ్గర ఒకరు ఉండిపోయారు," అన్నాడు బుధుడు.

ఆ తర్వాత దారితప్పి ఎవరొచ్చినా చోటుండాలని, అటుగా పోయే బండలన్నిటినీ తనే పిలిచాడు.

అప్పటినుంచే బుధుడి ఒళ్ళంతా గుంటలు. అంత మండుటెండ పక్కనే ఉన్నా, అతని నెత్తి మీది గుంటలో మంచు కరగదు. అలవాటు కొద్దీ చెయ్యెత్తినా, తాత గుర్తొచ్చి, ఆ తెల్లటి చారల్ని మాత్రం బుధుడు ఈనాటికీ దులుపుకోడు.