పెరట్లోకి వచ్చిన ఏరు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు మర్చిపోయాను. నేను బడికి వెళ్ళిందే వాన పడితే తలదాచుకోడానికి. వాన వెలిసేసరికి నా చదువూ వెలిసిపోయింది. అందుకని పేర్లు అడక్కండి, కథ వినండి.

ఆ ఊరి చివర, ఏటికెదురుగా ఒకే ఒక ఇల్లు. అందులో అప్పలమ్మ అని ఒక అత్త, నూకాలు అని ఒక కోడలు. మధ్యలో కొడుకూ ఉన్నాడు, కానీ వాడు ఇద్దరి మాటకీ తలూపేవాడు, మీ తాతలాగే. నూకాలు పుట్టింటివాళ్ళు తడికలు అల్లుకుని బతికేవాళ్ళు. అత్తకి అదో లోకువ. "మీవాళ్ళకి పుల్ల కనబడితే చాలు, అల్లేస్తారే" అనేది.

ఒకనాడు పొద్దున్నే నూకాలు బిందె పట్టుకుని రేవులోకి దిగింది. దిగింది, దిగింది, ఇంకా దిగింది. కాలికి నీళ్ళు తగల్లేదు. చూస్తే ఏరు లేదు. నిన్న సాయంత్రం గలగలమన్న ఏరు ఇవాళ లేదు. చేపలు ఇసకలో గిలగిల్లాడుతున్నాయి. ఒక తాబేలు తల బయటపెట్టి, ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ లోపలికి లాగేసుకుంది.

ఇంతలో పెరట్లోంచి అత్త గొంతు. "నూకాలూ, ఏరు ఇక్కడుందే. మన గుమ్మడిపాదులో ఉంది."

ఊ కొడుతున్నారా, నేను గోడకి చెబుతున్నానా? ఆ, కొట్టండి.

ఏం జరిగిందంటే, రాజుగారికి కోట దాకా బాట కావాలి. బాటకి కంకర కావాలి. కంకరకి గుంట కావాలి. దూరమెందుకని ఆ గుంటని ఏటి పక్కనే, ఊరికి కాస్త ఎగువన తవ్వేశారు. ఏటికీ గుంటకీ మధ్య నా నడుమంత గట్టు మిగిల్చారు. ఇప్పటి నడుము కాదు, పెళ్ళినాటిది. వరదొచ్చింది, గట్టు తెగింది, ఏరు గుంటలో పడింది. గుంట నిండి ఇంకో పక్క తెగింది, ఏరు అప్పలమ్మ పెరట్లోకి వచ్చింది. ఇంటి ముందు ఏరు పోయి, ఇంటి వెనక ఏరు వచ్చింది. ఊరంతా వచ్చి, ముందుకెళ్ళి చూసి, వెనక్కెళ్ళి చూసి, తెరిచిన నోళ్ళు మూయడం మర్చిపోయారు.

ఆ వెనకొచ్చిన ఏరు ఊరుకుంటుందా? సోమవారం గుమ్మడిపాదు తినేసింది. మంగళవారం జామచెట్టు తినేసింది. బుధవారం గేదెల పాక తినేసింది. ఒడ్డు విరిగి పడ్డప్పుడల్లా ఇంట్లో గిన్నెలు వాటంతటవే మోగేవి.

ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఏరు అలిగిందన్నారు. అలిగిన ఆడపిల్లని సారె పెట్టి తెచ్చుకోవాలన్నారు. చీర, గాజులు, పసుపు పళ్ళెంలో పెట్టుకుని, డప్పు కొట్టుకుంటూ వెళ్ళి, గుంట అంచున నిలబడి రమ్మని బతిమాలారు. అంచు కాస్తా విరిగింది. చీర పోయింది, గాజులు పోయాయి, డప్పు పోయింది, కరణంగారి తలపాగా కూడా పోయింది. ఏరు సారె తీసుకుంది, రాలేదు.

అప్పుడు రాజుగారి మేస్త్రీ వచ్చాడు. ఏటికున్న జబ్బల్లా వంకర తిరగడమే అన్నాడు. పాత ఏరంతా గుంట మట్టితో పూడ్చేసి, పెరట్లోంచే తిన్నగా ఒక కాలవ తవ్వించాడు. అప్పలమ్మ ఇంటి పక్కన నిలువెత్తు రాతిగోడ కట్టించాడు. మళ్ళీ వరదొచ్చింది. తిన్నని కాలవలో నీళ్ళు తాడు తెంపుకున్న కోడెలా వచ్చి గోడ కాళ్ళ కింద తవ్వేశాయి. గోడ నిలబడి, నిలబడి, చతికిలబడింది. అప్పలమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి, ఉప్పు కోసం ఇటు తిరిగి అటు తిరిగేసరికి పప్పు లేదు, పొయ్యి లేదు, వంటిల్లే లేదు. చేతిలో ఉప్పు మిగిలింది. ఇంక ఉన్నది ఒక్క గది. అదీ పోతే ముగ్గురూ వీధిలో పడాలి.

ఆ ఉప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయిన అత్తని చూసి నూకాలు తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళింది. అలిగినావిడ తిరిగి రావాలంటే పడుకోడానికి మంచం ఉండాలి కదా, ఆవిడ మంచమంటే ఆ పాత ఏటి దారే, దాన్ని మీరే పూడ్చేశారు, తవ్వి తియ్యండి అంది. పాత వంపులెక్కడో ఎవడికి తెలుసన్నాడు మేస్త్రీ. రాజు ఊళ్ళోకొచ్చి అడిగితే అటని ఒకరు, ఇటని ఒకరు, జుట్లు పట్టుకున్నారు.

నూకాలు వెళ్ళి, పాక పోయాక వీధిలో కట్టేసిన గేదెల్ని విప్పింది. పుట్టినప్పట్నుంచీ అవి ఏట్లోంచే నడిచి మేతకి పోయేవి. పూడ్చిన మట్టి మీద కూడా ఇక్కడ ఒక వంపు, అక్కడ ఒక వంపు తిరుగుతూ నడిచాయి. వెనకే నూకాలు ముగ్గు పోసుకుంటూ నడిచింది. ఆ వెనక గొడుగేసుకుని రాజు. రాజు ఒకరి వెనక నడవడం అదే మొదలట, అదీ గేదె వెనక.

ముగ్గు వెంట తవ్వారు. తీసిన మట్టి గుంటలోనే పోశారు. గట్టు తెగిన చోట నిలువు గోడ వద్దంది నూకాలు. చేటలా వాలు పెట్టించి, పచ్చి వావిలి గుంజలు పాతించి, వాటి మధ్య కొమ్మలతో ఏటి పొడుగునా తడిక అల్లడం మొదలెట్టింది. పైనొకటి, కిందొకటి. పైనొకటి, కిందొకటి. ఊరంతా అల్లింది. మేస్త్రీ అల్లాడు. అప్పలమ్మ కూడా కోడలి పక్కన కూర్చుని, "ఇలాగేనా?" అని అడిగి మరీ అల్లింది. తడిక వెనక రాళ్ళు నింపి, రెల్లూ వట్టివేరూ నాటారు. వానలొచ్చేసరికి గుంజలు చిగిరించాయి.

పెద్ద వరద పట్టపగలే వచ్చింది. ఏరు వచ్చి తడికకి భుజం ఆన్చింది. తడిక వంగింది, కిర్రుమంది. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు సందుల్లోంచి దూరాయి, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దింపేశాయి. తడిక విరగలేదు. ఏరు కాసేపు అక్కడే సుడి తిరిగి, పాత వంపు తిరిగి, అప్పలమ్మ ఇంటి ముందునుంచి వెళ్ళింది. ఊరికి ఊరు కొయ్యబారిపోయింది. రాజుగారే ముందు తేరుకుని, ఏటి గట్టున ఇక గునపం వెయ్యకూడదని చాటింపు వేయించి, వంటిల్లు కట్టించి ఇచ్చాడు. అందరూ సుఖంగా ఉన్నారు. మీరూ ఎక్కడైనా తవ్వేముందు ఆ పక్కన ఎవరి కాపురముందో చూసుకోండి నాన్నా.

ఏరు ఇంటి ముందుకి మళ్ళిన ఆ మధ్యాహ్నమే అప్పలమ్మ చాప పరుచుకుని నడుం వాల్చింది. పెరడు విరిగిన రోజునుంచీ ఆవిడ కంటి మీద కునుకు లేదు. గుర్రు పెట్టి నిద్రపోతుంటే నూకాలు గిన్నెలు చప్పుడు కాకుండా సర్దింది.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.