ఏనుగు పాలు

రండర్రా, ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోండి.

వెనకటికి ఒక దివానుగారు రాజుగారి ఆవులకీ, గుర్రాలకీ, ఏనుగులకీ కలిపి ఒకే పట్టిక గీయించారు. పేరు, వయసు, మేత, ఇచ్చే పాలు, మోసే అంబారీ అని గళ్లు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని ఆజ్ఞ. రాసేవాళ్లు తికమకపడి అన్ని గళ్లలోనూ ఏదో ఒకటి నింపేశారు.

మర్నాడు మావటి పోలినాయుడికి వంటశాల నుంచి కబురొచ్చింది. పట్టిక ప్రకారం అతని మగ ఏనుగు బిందెడు పాలివ్వాలట. తేకపోతే కొలువు పోతుందట. పోలినాయుడు ఏనుగు వంక అయోమయంగా చూసి, దివానుగారి దగ్గరికి నడిచాడు.

"పాలు తెస్తానయ్యా. సాయంత్రం ఊరేగింపుకి తమరి కోసం కపిలావు మీద అంబారీ కట్టించాను."

"ఆవు మీదా? నీకు మతి పోయిందట్రా?"

"ఆ పట్టికలోనే ఉందయ్యా, ఆవు అంబారీ మోస్తుందని."

"రాస్తే మాత్రం ఎలా మోస్తుందిరా?"

"మా ఏనుగు పాలిచ్చినట్టేనయ్యా."

దివానుగారు వెంటనే రాసేవాళ్లని పిలిపించారు. తర్వాత అన్నిటికీ ఉండే పేరు, వయసు, మేత ఒక పట్టికలో ఉంచి, పాలు ఆవుల పట్టికలోకీ, అంబారీ ఏనుగుల పట్టికలోకీ మార్పించారు. పోలినాయుడి కొలువు నిలిచింది.

ఇక లేవండి, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి.