కంచె దగ్గర చెప్పిన పేరు

కాలేషాకు గురువు మీద కోపం వచ్చి మూడు రోజులైంది. వాడికి ముక్కు మీద కోపం ఎప్పుడూ ఉండేదే. మూడు రోజులు నిలవడమే కొత్త.

సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల పక్కన చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే సందాని బాబా కాలేషాకు గురువు. దర్గా నుంచి ఒడ్డుకు తాతలనాటి కాలిబాట. రొయ్యల చెరువుల ఆసామి ఒకడు ఆ బాటకు అడ్డంగా ముళ్లకంచె వేసి, "చుట్టు తిరిగి పొండి" అన్నాడు. చుట్టు అంటే రెండు మైళ్లు. బాబా ఒక్క మాట అనలేదు. చేతికర్ర తీసుకుని చుట్టు తిరిగి పోయాడు. ఆసామి మనుషులు వెనక నుంచి నవ్వారు. ఆ నవ్వు కాలేషా చెవుల్లోనే ఉండిపోయింది.

"నోట్లో నాలుక లేని మనిషి దగ్గర నేనేం నేర్చుకోవాల?" అన్నాడు తోటి శిష్యుడు మీరావలితో. "ఏటా నడిచే నడక రేపు అయిపోనీ. సాయంత్రానికి మూట సర్దుకుని పోతా."

వాడి జేబులో కటింగ్ ప్లేయర్ ఉంది. ఆ సంగతి మీరావలికి కూడా చెప్పలేదు.

ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, బాబా శిష్యులిద్దర్నీ వెంటబెట్టుకుని ఒడ్డు వెంబడి పొద్దంతా నడిచేవాడు. పీతల్నీ పిట్టల్నీ ఊరికే చూడటానికే ఆ నడక. నియమం ఒక్కటే. ముందువాడి అడుగులోనే వెనకవాడు అడుగెయ్యాలి. ముగ్గురు నడిచినా ఇసుక మీద ఒక్కరి జాడే కనపడాలి.

మూడు రోజులుగా సముద్రం కల్లోలంగా ఉండి పడవలు కదల్లేదు. నడక రోజు తెల్లవారుజామునే మళ్లీ వేటకు వెళ్లాయి. ముగ్గురూ కంచె చుట్టూ తిరిగి ఒడ్డు చేరారు.

మీరావలికి పండగే. ఎర్రపీతలు బొరియల్లోకి పరుగెత్తుతుంటే నవ్వాడు. రాత్రి తాబేలు ఎక్కి, గుడ్లు పెట్టి, దిగిపోయిన జాడ చూసి, "ట్రాక్టర్ పోయినట్టుందిరా!" అన్నాడు. దూరంగా నీళ్లలో డాల్ఫిన్లు లేస్తే కేక పెట్టాడు. కాలేషా బాబా మడమలు తప్ప ఏమీ చూడలేదు. చూసిన కొద్దీ మండిపోయాడు.

మధ్యాహ్నం ఆగిపోయాడు.

"ఇంక నీ అడుగులో అడుగెయ్యను, బాబా."

"సరే," అన్నాడు బాబా. "కింద చూసి నడువు."

కాలేషా వరస తప్పి ఇసుకదిబ్బ వైపు విసవిసా నడిచాడు. పది అడుగులు వెయ్యలేదు, ఎక్కడి నుంచో ఒక తీతువు పిట్ట గోలగోలగా అరుస్తూ మీదికొచ్చింది.

"తీతువురా! అది అరిస్తే కీడు. తరుము!" అన్నాడు మీరావలి.

కాలేషా గుప్పెడు ఇసుక తీసి విసిరాడు. పిట్ట పోలేదు. ముందుకొచ్చి, రెక్కలు విప్పి, వాడికి ఎదురు నిలబడింది. మోకాలంత లేదు. కాలెత్తి బెదిరించబోయి అప్పుడు కింద చూశాడు. ఎత్తిన కాలి కింద ఇసుక గుంటలో మచ్చల గుడ్లు నాలుగు. వాటి మీద వాడు విసిరిన ఇసుకే. కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంతలో చెరువుల వైపు నుంచి ట్రాక్టర్ వచ్చింది. తిన్నగా దిబ్బ మీదికే వస్తోంది. బాబా నడిచివెళ్లి గుడ్ల ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"లెయ్యి, ముసలోడా!" అరిచాడు డ్రైవరు.

"లేవను."

ఆ మాట బాబా నోట వినడం కాలేషాకు అదే మొదలు.

"మొన్న కంచె కాడ నోరు మూసుకుని చుట్టు తిరిగి పోయావు. ఇయ్యాల ఏమొచ్చింది నీకు?"

"నాకు కాళ్లుండాయి, తిరిగిపోయినా. గుడ్లకు కాళ్లు లేవు గదయ్యా."

ట్రాక్టర్ ముందుకొచ్చింది. ఇంజన్ వేడికి బాబా గడ్డం కదిలింది. ఆయన కదల్లేదు. పక్కన పిట్ట రెక్కలు ముడవలేదు. డ్రైవరు ఇద్దర్నీ కలిపి తిట్టి, స్టీరింగ్ తిప్పి, మెత్తటి ఇసుకలో పడుతూ లేస్తూ చుట్టు తిరిగి పోయాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కంచెకు ఇవతల చేపల పోలమ్మ నిలబడి ఉంది. పడవలు రాగానే తట్ట నింపుకుని ఊళ్లో అమ్మడానికి వచ్చింది. నెత్తిన తట్ట, వాచిన మోకాలు. అరవై ఏళ్లుగా నడిచిన దారి.

"ఇదెప్పుడేశారు బాబా? నేనెట్టా పోవాల?" అంది. కంచె వెంట ఆ చివరిదాకా చూసి, తట్ట దించుకుని కూలబడింది.

బాబా కాసేపు ఆమె మోకాలి వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచాడు.

"జేబులోది ఇటియ్యి, కాలేషా."

కాలేషా ఇచ్చాడు.

తీగలు ఒక్కొక్కటే తెగాయి. మీరావలి తట్ట ఎత్తిపెట్టాడు. పోలమ్మ దాటింది. చెరువు గట్టు మీద నుంచి కావలివాళ్లు చూశారు.

"ఎవడ్రా అది, కంచె తెంచేది?"

బాబా దాక్కోలేదు. "సందాని!" అని గట్టిగా చెప్పాడు. "దర్గాలోనే ఉంటా, రాండి."

కాలేషా వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"కాలేషా!" అని తన పేరూ అరిచాడు. "నేనూ ఆడనే ఉంటా."