ఖాళీ త్రాసు

పేర్రాజు మాస్టారు ఏ ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఏదైనా అడిగితే చాలు, "పద, అలా వెళ్ళొద్దాం" అని చెప్పులు వెతుక్కునేవారు. మా ఊరి డిగ్రీ కాలేజీలో ఆయన ఫిజిక్స్ చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకుని, ఆ లాబ్‌లోనే పనికి కుదిరినవాణ్ణి. ఆయన వెనక తిరిగి ఎన్ని జతల చెప్పులు అరగదీశానో నాకే తెలియదు.

ఆ రోజు అడిగిన పిల్ల హైమావతి. ఇంటర్ పాసైంది. మాస్టారు ఆదివారాలు ఊరికే చెప్పే క్లాసుకి రెండేళ్ళు ఒక్క వారం మానకుండా వచ్చింది.

"బీఎస్సీ ఫిజిక్స్ చదివితే గిట్టుతుందా మాస్టారూ? అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి. ఐదింటిలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది."

చేతిలో వాళ్ళ నాన్న రాసిన కాగితం ఉంది. మూడేళ్ళ ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు కలిపి డెబ్భై రెండు వేలు. ఆ మూడేళ్ళూ బట్టల షాపులో నిలబడితే నెలకి తొమ్మిది వేల చొప్పున వచ్చే మూడు లక్షల ఇరవై నాలుగు వేలూ పోయినట్టే. డిగ్రీ చేతికొచ్చాక జీతం పన్నెండు వేలు. నెలకి మూడు వేలు ఎక్కువ. పెట్టింది తిరిగి రావడానికి పదకొండేళ్ళు. హైమావతి ఆ లెక్క నాలుగుసార్లు చేసి చూసిందట, ఎక్కడా తప్పు దొరకలేదట. ఆ మాట చెప్పి, పాపం, కాగితం మాస్టారి చేతిలో పెట్టింది.

మాస్టారు కాగితం జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకున్నారు.

ముగ్గురం వెళ్ళింది బెల్లం యార్డుకి. హైమావతి తండ్రి కన్నంనాయుడు అక్కడ కాటా వేస్తాడు. చుట్టుపక్కలంతా ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినా ఆయన మాత్రం పాత త్రాసు వదల్లేదు. ఆయన తూకమంటే రైతుకీ నమ్మకమే, షావుకారుకీ నమ్మకమే.

"ఒక దిమ్మ తూచండి నాయుడు గారూ" అన్నారు మాస్టారు.

నాయుడు అలవాటు ప్రకారం ముందు ఖాళీ త్రాసు ఎత్తి చూపించాడు. కొనేవాడూ అమ్మేవాడూ ముల్లు చూసుకుని సరే అంటే తప్ప సరుకు పెట్టడు. ఆ రోజు ముల్లు కాస్త పక్కకి వాలింది. ఆయన పళ్ళెం తిరగేశాడు. అడుగున బెల్లం పెచ్చు అంటుకుని ఉంది. గోటితో గీకి నోట్లో వేసుకుని, "తీపి సరుకు కదా, ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాది" అని నవ్వి మళ్ళీ ఎత్తాడు. ఈసారి ముల్లు నిలబడింది.

మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. "మరి దీన్ని ఖాళీగా ఎత్తి చూశారా?"

నాయుడు కాగితం వంక, కూతురి వంక చూశాడు. పాపం, దొంగ మనిషి కాడు.

"ఆ పన్నెండు వేలు మా తమ్ముడి జీతం మాస్టారూ. వాడూ ఇదే చదివి పెట్రోలు బంకులో చేస్తున్నాడు. నా పళ్ళెం అడుగున వాడే అంటుకున్నాడు."

నేను ఫక్కున నవ్వాను. మాస్టారు నా వైపు ఉరిమి చూశారు.

"నా పళ్ళెం తక్కువ తిన్నదా? ఈ ఏడు ఫిజిక్స్ గ్రూపులో పదిమంది చేరకపోతే గ్రూపే ఎత్తేస్తామన్నారు కాలేజీవాళ్ళు. ఇప్పటికి తొమ్మిది మంది. సైంటిస్టు అయిన నా శిష్యుడొకడున్నాడు, ప్రతి క్లాసులోనూ వాడి పేరే చెబుతాను. మీ తమ్ముడూ నా శిష్యుడే. ఒక్కనాడూ వాడి పేరెత్తలేదు."

నాకు నవ్వు ఆగిపోయింది. ఆయన వెనక తిరిగిన ఇన్నేళ్ళలో ఆయన సిగ్గుపడడం అదే మొదటిసారి చూశాను.

నాయుడు చెవి మీది పెన్సిలు తీసి పన్నెండు వేలు కొట్టేశాడు. దాని పక్కన ఏం రాయాలో తోచలేదు. అలాగే ఖాళీగా వదిలేశాడు.

"ఊళ్ళోవాళ్ళ బెల్లానికి ఇరవై ఏళ్ళబట్టి ఖాళీ త్రాసు చూపిస్తున్నాను. కన్నకూతురికి చూపించలేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు. "నీకు ఇష్టమేనేటమ్మా?"

"ఇష్టమే నాన్నా."

"అయితే నడు. నాలుగున్నర అయిపోనాది."

కాలేజీ దాకా నలుగురం గబగబా నడిచాం. హైమావతి మొహం వెలిగిపోతోంది. అయినా లెక్కల బుర్ర ఊరుకుంటుందా! గేటు దగ్గర ఆగి, కాగితం మళ్ళీ విప్పింది.

"మాస్టారూ, మరి ఇష్టాన్ని దేని కింద రాయాలి? ఖర్చు కిందా, రాబడి కిందా?"

మాస్టారు ఆఫీసు వైపు చెయ్యి చూపించారు.

"మూడేళ్ళు మోసి చూడు. బరువనిపిస్తే ఖర్చు కింద రాసుకో."