కారు మెడలో దండలు

కొండవలస జమీందారుగారి కారు షెడ్డులో ఎంతసేపు ఆడించినా బాగానే ఉండేది. పర్యటనకు బయల్దేరితే మాత్రం నాలుగు ఊళ్లు దాటేలోగా ఇంజను మరిగి, పొగలు కక్కుతూ ఆగిపోయేది. పాత డ్రైవరు పైడయ్యకు నోరెక్కువైందని జమీందారు అతణ్ణి ఖైదులో వేయించారు. అతని తమ్ముడు గవరయ్యను బలవంతాన స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. తన గతీ అంతేనని గవరయ్యకు తెలుసు.

ప్రతి ఊరివాళ్లూ కారు ముందున్న జాలీకి బంతిపూల దండ వేసేవారు. ప్రభువుల దండ ఇల్లు చేరేదాకా తియ్యకూడదని అక్కడి ఆనవాయితీ.

ఈసారి మొదటి ఊళ్లోనే గవరయ్య చేతులు కట్టుకుని, "ప్రభూ, ఇంత గౌరవం ఇనుముకెందుకు? తమరే వేసుకోండి" అన్నాడు.

జమీందారు మురిసిపోయారు. ఊరూరా దండలు పడి ముక్కుదాకా వచ్చాయి. ఎండ మండిపోతోంది. చివరికి ఆయన, "ఊపిరాడటం లేదురా, పీకెయ్!" అని అరిచారు.

గవరయ్య దండలు తీస్తూ, "ఇన్నాళ్లూ కారు మొర కూడా ఇదే ప్రభూ. జాలీ మూసేస్తే దానికి గాలేదీ?" అన్నాడు.

ఆ రోజు కారు ఎక్కడా మరిగి ఆగలేదు.

"ఈ మాట ఇంతవరకూ ఒక్కడూ చెప్పలేదేంరా?" అన్నారు జమీందారు.

"మా అన్న చెప్పాడు ప్రభూ. అందుకే ఖైదులో వేయించారు."

జమీందారు మెడ తుడుచుకున్నారు. "సరే, వెళ్లి వాణ్ణి ఇంటికి తెచ్చుకో."

"కిందటి నెలలోనే తెచ్చుకున్నాం ప్రభూ" అన్నాడు గవరయ్య. "నలుగురం మోసుకొచ్చాం."